రక్షణ పొందిన తేదీ రాయమన్నారు, నా దగ్గర తేదీ లేదు

ఖాళీ గడి:

అందరికీ వందనాలు. విషయం చిన్నదే గానీ వారం రోజులుగా నిద్ర పట్టనివ్వడం లేదు.

మా సంఘంలో సండే స్కూల్ పిల్లలకి పాఠం చెప్పమంటే సరేనన్నాను. ముందు సభ్యత్వం ఫారం నింపాలన్నారు. పేరు, పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ దాకా బాగానే సాగింది. ఆ కింద ఇంకో గడి ఉంది, "రక్షణ పొందిన తేదీ" అని. పెన్ను అక్కడ ఆగిపోయింది. నేను విశ్వాసుల ఇంట్లో పుట్టినదాన్ని. ప్రార్థన నేర్చుకున్నది నాయనమ్మ ఒళ్ళో. నమ్మని రోజు ఒకటుండి, మర్నాటి నుంచి నమ్మినట్టు నాకు జ్ఞాపకమే లేదు. ఆ గడి వదిలేసి ఇచ్చాను. పెద్దాయన ఒకరు ఫారం తిప్పి పంపారు. గడి చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. ఫోన్ చేస్తే "తేదీ తెలియదంటే ఇంకా పొందలేదనే కదమ్మా" అన్నారు. కోపంగా అన్నా బాగుండేది, జాలిగా అన్నారు.

పాపుల ప్రార్థన చేయలేదా అంటే చేశాను. కూటాల్లో కళ్ళు మూసుకుని తన వెంట చెప్పమని ప్రసంగీకుడు అన్న ప్రతిసారీ చెప్పాను. పదిసార్లకి పైనే ఉంటుంది. అందులో ఏది లెక్కలోకి వస్తుంది? మొదటిదా, బాగా ఏడ్చినదా?

ఇంకొకటి, అసలు అడగాలనుకున్నది. నాయనమ్మకి మతిమరుపు జబ్బు. నా పేరు మర్చిపోయి ఏడాది దాటింది. ఇప్పుడు యేసయ్య పేరు చెప్పినా ముఖంలో కదలిక లేదు. రోజుకి పదిసార్లు "ఇవాళ ఆదివారమా?" అని అడుగుతుంది, అంతే. రోమా 10:9లో "యేసు ప్రభువని నీ నోటితో ఒప్పుకొని" అని ఉంది. ఆ పేరే మర్చిపోతే ఇంక ఒప్పుకునేదేమిటి? తేదీ గుర్తులేని నాకే రక్షణ లేదంటే, దేవుడే గుర్తులేని ఆమె సంగతేమిటి?

వాక్యం తెలిసినవాళ్ళు చెప్పండి. "ఎక్కువ ఆలోచించకు సిస్టర్, ప్రార్థన చేసుకో" అని మాత్రం అనొద్దు. ఇప్పటికే నలుగురు అన్నారు.

నీళ్ళ సాక్షి:

వందనాలు సిస్టర్. బాప్తిస్మం తేదీ రాశారు కదా, రక్షణ తేదీ అదే. రెండు గడులు పెట్టడమే ఆ ఫారంలో తప్పు. "నమ్మి బాప్తిస్మము పొందినవాడు రక్షింపబడును", మార్కు 16:16. పెంతెకొస్తు రోజున పేతురు చెప్పింది కూడా అదే, అపొస్తలుల కార్యములు (అపొ. కా.) 2:38 చూడండి. "బాప్తిస్మం ఉత్త గుర్తు మాత్రమే" అనేది తర్వాత పుట్టిన మాట. చిన్నప్పుడు చిలకరించి ఉంటే మాత్రం ముంచి తీసుకోండి, ఆ తేదీ రాయండి.

పాత అట్ట:

అమ్మా, ముందు నా బైబిలు సంగతి చెబుతాను. అట్ట లోపలి కాగితం మీద మూడు తేదీలున్నాయి. పద్నాలుగో ఏట యవ్వనస్థుల కూటంలో చేయెత్తి, ముందుకెళ్ళి మోకరించి వచ్చాక నీలం సిరాతో రాసుకున్నది మొదటిది. మూడేళ్ళకి, అప్పుడు మనసారా చేయలేదేమోనని అనుమానం పట్టుకుంది. దాన్ని కొట్టేసి కింద ఇంకోటి రాశాను. పంతొమ్మిదో ఏట అదీ కొట్టేశాను. మూడోది పెన్సిలుతో ఉంటుంది, ఎందుకైనా మంచిదని. ఇప్పుడు నాకు అరవై ఆరు. పెన్సిలు వెలిసిపోయి తేదీలో ఒక అంకె మూడో ఎనిమిదో తెలియడం లేదు. దిద్దలేదు. నీకు తేదీ లేక బాధ, నాకు ఎక్కువై బాధ. గడి అదే.

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం తియ్యి. అందులో ముగ్గురున్నారు. చివర్లో వచ్చే చెరసాల నాయకుణ్ణి ముందు చూడు. అర్ధరాత్రి భూకంపం, తలుపులన్నీ తెరుచుకున్నాయి, ఖైదీలు పారిపోయారనుకుని కత్తి దూసి చచ్చిపోబోయాడు. తెల్లారేలోపు నమ్మాడు, ఇంటిల్లిపాదితో బాప్తిస్మం పొందాడు. మీ ఫారం ఇస్తే తేదీతో పాటు గంట కూడా రాసేవాడు. అతనికంటే ముందు లూదియ. విశ్రాంతిదినాన నది ఒడ్డున కూర్చుని పౌలు మాటలు వింటోంది, ప్రభువు ఆమె హృదయం తెరిచాడు. భూకంపం లేదు, కన్నీళ్ళ ప్రస్తావన లేదు. ఆమె రోజు చెప్పగలిగేదేమో గానీ, ఏ మాట దగ్గర తెరుచుకుందో చెప్పగలిగేదని నేననుకోను. ఇద్దరికంటే ముందు, మొదటి వచనంలోనే తిమోతి ఉన్నాడు. కనబడేసరికే శిష్యుడు. ఎప్పుడు, ఎలా అయ్యాడో ఆ పుస్తకం రాసిన లూకా అక్కడ ఒక్క ముక్క రాయలేదు. 2 తిమోతి 1:5లో పౌలు అతని విశ్వాసం గురించి మాట్లాడుతూ, అది మొదట అవ్వ లోయిలో, తర్వాత తల్లి యునీకేలో ఉండిందంటాడు. నాయనమ్మ ఒళ్ళో ప్రార్థన నేర్చుకున్నదానివి, నువ్వు వెతుక్కోవాల్సింది తిమోతి గడిలో. అదీ ఖాళీయే. అతని ఫారం ఎవరూ తిప్పి పంపలేదు సరికదా, ఎఫెసులో తప్పుడు బోధల్ని అదుపు చేసే పని అతని చేతిలో పెట్టారు.

చేయెత్తండి, ముందుకు రండి, నా వెంట చెప్పండి అనే పద్ధతి అపొస్తలుల నాటిది కాదు. 1830ల్లో అమెరికాలో చార్లెస్ ఫిన్నీ అనే ప్రసంగీకుడు తన కూటాల్లో, ఆత్మ గురించి కలత పడుతున్నవాళ్ళ కోసం ముందు వరుసలో ఒక బెంచీ ఖాళీగా ఉంచేవాడు. అక్కణ్ణుంచే ఈ పద్ధతి బాగా వ్యాపించింది. దానివల్ల నిజంగా మారినవాళ్ళున్నారు, నేను ఎగతాళి చేయడం లేదు. కానీ "పాపుల ప్రార్థన" అని మనం చెప్పించే మాటలు, ఇవి పలికితే రక్షణ అని బైబిల్లో ఎక్కడా లేవు. పదిసార్లు చేశావు కదా, అందులో ఏది పనిచేసిందని అడుగుతున్నావు. ప్రార్థన పనిచేయడమేమిటమ్మా, అదేమన్నా మంత్రమా? వినేవాడు పనిచేస్తాడు.

తేదీ ఉన్నవాళ్ళకి నిశ్చింత అనుకుంటున్నావేమో. మెథడిస్టు సంఘాలకి మూలపురుషుడైన జాన్ వెస్లీకి తేదీ కాదు, నిమిషాలతో సహా తెలుసు. 1738 మే 24, లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధిలోని కూటం, రాత్రి తొమ్మిదికి పావుగంట తక్కువ. రోమా పత్రికకి లూథర్ రాసిన ముందుమాట ఎవరో చదువుతుంటే తన గుండె వింతగా వెచ్చబడిందని దినచర్యలో రాసుకున్నాడు. అప్పటికే ఆయన గురువుగా అభిషేకం పొంది పదేళ్ళయింది, మిషనరీగా జార్జియా వెళ్ళి వచ్చాడు కూడా. అదే వెస్లీ 1766లో తమ్ముడు చార్లెస్‌కి రాసిన ఉత్తరంలో, తాను దేవుణ్ణి ఎన్నడూ ప్రేమించనే లేదన్నంత నిస్పృహగా మాట్లాడాడు. పావుగంటతో సహా తెలిసినా అనుమానం రాక మానలేదు.

అసలు బైబిలు రక్షణని ఒక్క తేదీలో ఇరికించదు. ఎఫెసీ 2:8లో "రక్షింపబడియున్నారు", అయిపోయింది. 1 కొరింథీ 1:18లో "రక్షింపబడుచున్న మనకు", జరుగుతోంది. రోమా 5:9లో "రక్షింపబడుదుము", ఇంకా రావాలి. మూడూ రాసింది పౌలే. మనం మొదటిదాన్నే పట్టుకుని దానికి గడి గీశాం. ఫిలిప్పీ 2:12 చదివి "చూశారా, రక్షణ మనం సంపాదించుకోవాలి" అనేవాళ్ళుంటారు. మన బైబిల్లో అక్కడున్న మాట "కొనసాగించుకొనుడి". లేనిదాన్ని కొనసాగించడం కుదరదు కదా. ఆ కింది వచనంలోనే, మీలో పనిచేసేవాడు దేవుడేనని ఉంది.

ఇంకో తికమక, "నేను సరిగ్గా నమ్మానా" అన్నది. నా మూడు తేదీల వెనకా ఉన్నది అదే. నమ్మకాన్నే ఒక పనిగా చేసుకుని దానికి మార్కులు వేసుకున్నాను. క్రియల వల్ల కాదని తెల్లవారి లేస్తే చెప్పేవాళ్ళం, కాథలిక్కుల్లా పుణ్యాల లెక్క మేం వేసుకోం అని చెప్పుకునేవాళ్ళం, చివరికి నమ్మకం లెక్క వేసుకుంటూ కూర్చున్నాం. మన భాషలో నమ్మడం వేరు, నమ్ముకోవడం వేరు. వంతెన ఉందని నమ్మవచ్చు. దాని మీద కాలు వేస్తే నమ్ముకున్నట్టు. యాకోబు 2:19లో దయ్యాలు కూడా నమ్మి వణుకుతున్నాయని ఉంది. అవి నమ్ముతాయి, నమ్ముకోవు. ఇక వంతెన మీద వణుక్కుంటూ నడిచినవాడూ అవతలికి చేరతాడు, ధీమాగా నడిచినవాడూ చేరతాడు. మార్కు 9:24లో, జబ్బు కొడుకుని యేసు దగ్గరికి తెచ్చిన తండ్రి "నమ్ముచున్నాను" అన్న నోటితోనే తన అపనమ్మకానికి సహాయం అడిగాడు. యేసు అతని కొడుకుని బాగుచేశాడు. ముందు ఆ రెండో సగం సరిచేసుకుని రమ్మనలేదు.

మీ నాయనమ్మ గురించి. గలతీ 4:9 చూడు. "ఇప్పుడు మీరు దేవుణ్ణి ఎరిగినవారు" అని మొదలుపెట్టి, వాక్యం పూర్తవకముందే పౌలు తన మాట తనే సరిదిద్దుకుంటాడు, "మరి విశేషముగా దేవునిచేత ఎరుగబడినవారు" అని. మీ నాయనమ్మ ఎరుక పోయింది. ఆయన ఎరుక పోలేదు. రోమా 10:9 నోటి పరీక్ష కాదమ్మా, అలాగైతే మూగవాడి గతేమిటి? హెబ్రీ 6వ అధ్యాయం చూపించి, విశ్వాసి రక్షణ పోగొట్టుకోవచ్చు అని వాదించేవాళ్ళున్నారు. యోహాను 10:28 చూపించి, ఆయన చేతిలోంచి ఎవరూ లాగలేరు అనేవాళ్ళున్నారు. 1618, 19లో నెదర్లాండ్స్‌లో ప్రొటెస్టంట్లు జరిపిన డోర్ట్ సభలో అదొక పెద్ద తగువు, ఇప్పటికీ తెగలేదు. ఆ రెండు పక్షాల వాళ్ళనీ ఎదురుగా కూర్చోబెట్టి మీ నాయనమ్మ సంగతి అడుగు. ఒకటే చెబుతారు. తెలిసి తెలిసి తిరస్కరించడం గురించే ఆ గొడవంతా. మెదడు జబ్బు గురించి కాదు.

జపమాల:

పాత అట్ట గారూ, మీరు రాసిన మిగతాదంతా రెండుసార్లు చదివాను, బాగుంది. "కాథలిక్కుల్లా పుణ్యాల లెక్క" దగ్గర మాత్రం ముల్లు గుచ్చుకుంది. నేను కాథలిక్కుని. ఈ మాట చిన్నప్పటి నుంచీ స్నేహితుల దగ్గర వింటున్నాను.

మా కాథలిక్ సభ జరిపిన ట్రెంట్ మహాసభ 1547 జనవరిలో నీతిమత్వం గురించి ఇచ్చిన శాసనంలో మొట్టమొదటి ఖండన ఎవరి మీదో తెలుసా? క్రీస్తు ద్వారా వచ్చే కృప లేకుండా మనిషి తన సొంత క్రియలతో దేవుని ముందు నీతిమంతుడు కాగలడు అనేవాళ్ళ మీద. మా సభ సొంత క్రియల్ని నమ్ముకోమనలేదు. కృప మనల్ని లోపల నుంచి మారుస్తుందని, ఆ కృపతో మనం చేసేవాటికి విలువ ఉంటుందని అంటాం. మీకూ మాకూ తేడా ఉన్నది అక్కడ. అదీ 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కాథలిక్ సభ కలిసి ఉమ్మడి ప్రకటన మీద సంతకం పెట్టాక చాలా తగ్గింది. మన యోగ్యతను బట్టి కాదు, కృప వల్లనే అని అందులో ఇద్దరం కలిసి ఒప్పుకున్నాం. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ సంఘాలవాళ్ళు కూడా చేరారు. మీ వెస్లీ గారి వారసులు కూడా మాతో సంతకం పెట్టారండీ.

పనిలో పని. "మీకేం, ఫాదర్ గారి దగ్గర పాపసంకీర్తనం చేసి, అంటే పాపాలు ఒప్పుకుని, మళ్ళీ మొదలుపెడతారు" అనేవాళ్ళకి: మళ్ళీ చేద్దామనుకుంటూ చేసినది మా లెక్కలో చెల్లనే చెల్లదు. పశ్చాత్తాపం, ఇక చేయననే తీర్మానం రెండూ ఉండాలి.

చెల్లీ, నాకు జ్ఞానస్నానం, అంటే మీరనే బాప్తిస్మం, ఇచ్చినప్పుడు నా వయసు నెల. ఆ రోజు నేనేం ఒప్పుకున్నానో నాకు తెలియదు. నా బదులు వేరేవాళ్ళు పలికారు. మీ నాయనమ్మ బదులు ఇప్పుడు మీరు పలకండి.

పాత అట్ట:

జపమాల గారూ, క్షమించండి. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఏళ్ళ తరబడి వేదిక మీద నుంచి విన్నది, వేళ్ళకి అలవాటై వచ్చేసింది.

నీళ్ళ సాక్షి:

బాప్తిస్మం గురించి నేనన్నదానికి ఎవరూ జవాబివ్వలేదు. "యేసు పక్కన సిలువ మీద ఉన్న దొంగ బాప్తిస్మం లేకుండా పరదైసుకి వెళ్ళాడు" అంటారని తెలుసు. ముందే చెబుతున్నాను, అతను చనిపోయేనాటికి, వెళ్ళి బాప్తిస్మమివ్వండి అనే ఆజ్ఞ ఇంకా రాలేదు. మినహాయింపుని సూత్రం చేయకండి.

పాత అట్ట:

బ్రదర్, దొంగ గురించి మీరన్నది న్యాయంగానే ఉంది. అతన్ని ఎవరూ తమ సౌకర్యానికి వాడుకోకూడదు. కాబట్టి ఆజ్ఞ వచ్చాక జరిగినదే చూద్దాం. అపొ. కా. 10లో కొర్నేలి అనే రోమా శతాధిపతి ఇంట్లో పేతురు ఇంకా మాట్లాడుతుండగానే పరిశుద్ధాత్మ దిగాడు. వీళ్ళకి నీళ్ళు ఎవరైనా ఆటంకం చేయగలరా అని పేతురు అడిగింది ఆ తర్వాతే. ముందు వరం, తర్వాత నీళ్ళు. మార్కు 16:16 రెండో సగంలో శిక్ష నమ్మనివాడికని ఉంది గానీ బాప్తిస్మం పొందనివాడికని లేదు. పైగా సీనాయి ప్రతి, వాటికన్ ప్రతి అని 4వ శతాబ్దపు రెండు పెద్ద చేతిరాత ప్రతుల్లో మార్కు సువార్త 16:8తోనే ముగుస్తుంది. అందుకని ఆ వచనం ఒక్కదాని మీదే మేడ కట్టను.

అలాగని "గుర్తే కదా, ఎప్పుడో తీసుకుందాంలే" అనేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. కొత్త నిబంధనలో నమ్మి, తీరిగ్గా ఏళ్ళ తర్వాత బాప్తిస్మం తీసుకున్నవాడు కనబడడు. తీరిగ్గా తీసుకున్నవాడు కాన్‌స్టంటైన్ చక్రవర్తి. 337లో, చనిపోబోయే ముందు. నీళ్ళలో పాపాలు కడిగేశాక మళ్ళీ పాపం చేస్తే ఎలా అని ఆ రోజుల్లో చాలామంది అలా చివరిదాకా ఆగేవాళ్ళు. నీళ్ళనే నమ్ముకుంటే ఆ లెక్కే వస్తుంది మరి.

అడిగి చూద్దాం:

నేను క్రైస్తవుణ్ణి కాదండీ, చదువుతూ ఇక్కడికొచ్చాను. రెండు సందేహాలు. రక్షణ అంటే మేమనే మోక్షమేనా? ఇంకోటి, అంతా కృపే అయితే ఇష్టమొచ్చినట్టు పాపం చేసి చివర్లో క్షమించమంటే సరిపోతుందిగా? వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నాను.

పాత అట్ట:

రెండో ప్రశ్న మీకంటే ముందు పౌలునే అడిగారండీ. కృప విస్తరించాలని పాపంలోనే ఉండిపోదామా అని రోమా 6:1లో ఆయనే ఎత్తుకుని, అట్లనరాదు అని కొట్టిపారేశాడు. నా మాటల్లో చెప్పాలంటే, నీళ్ళలో మునిగిపోతున్నవాణ్ణి బయటికి లాగితే "ఇంకా కాసేపు మునగనివ్వండి, మీరున్నారుగా" అంటాడా? అన్నాడంటే మునుగుతున్నట్టు వాడికింకా తెలియలేదన్నమాట. ఇక "చివర్లో" అన్నారు చూడండి, ఆ చివర ఎప్పుడో ముందే తెలిసినవాడు ఎవడున్నాడు?

మొదటిది నాకు ఇష్టమైన ప్రశ్న. పోలికలున్నాయి, ఒకటి కాదు. మోక్షం అంటే పుట్టుక చావుల చక్రం నుంచి విడుదల అని కదా మీరనేది. బైబిలు చెప్పే రక్షణ పాపం నుంచి, చావు నుంచి, కానీ ఒంటి నుంచి కాదు. ఆత్మ ఎగిరి పరలోకానికి పోవడమే రక్షణ అని మావాళ్ళలోనే చాలామంది అనుకుంటారు. అయితే శరీరం తిరిగి లేస్తుందని 1 కొరింథీ 15 అంతా వాదన. ప్రకటన గ్రంథం చివర్లో మనుషులు పైకి పోవడం లేదు, పరిశుద్ధ పట్టణమే కిందికి దిగివస్తోంది.

గ్రీకు సువార్తల్లో చూస్తే ఇది ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. మన తెలుగు బైబిల్లో మార్కు 5:34లో రక్తస్రావపు జబ్బున్న స్త్రీతో "నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను" అంటాడు యేసు. లూకా 7:50లో పాపాత్మురాలన్న స్త్రీతో "నీ విశ్వాసము నిన్ను రక్షించెను" అంటాడు. గ్రీకులో ఆ రెండు చోట్లా ఉన్నది ఒకటే మాట, సోజో అనే క్రియ. ఒకరికి ఒళ్ళు బాగయింది, ఒకరికి పాపం పోయింది, మాట మారలేదు. అనువదించినవాళ్ళు సందర్భాన్ని బట్టి విడగొట్టారు, తప్పనడం లేదు. కానీ ఆ విడగొట్టడంతో రక్షణ అంటే ఒంటికి సంబంధం లేని సంగతి అన్నట్టు మా చెవికి అలవాటైపోయింది.

ఖాళీ గడి అమ్మా, ఇది నీక్కూడా. ఇంకా రావాల్సినది అన్నానే, ఆ మూడోదానిలో మీ నాయనమ్మ మెదడు కూడా ఉంది.

ఖాళీ గడి:

నాలుగు రోజులు ఆలస్యమైంది, క్షమించండి. అందరికీ వందనాలు. పాత అట్ట గారూ, మీ ఆఖరి వాక్యం నాయనమ్మ మంచం పక్కన కూర్చునే చదివాను. మధ్యలో రెండుసార్లు ఆదివారమా అని అడిగింది. జపమాల అక్కా, మీరన్నట్టు ఆమె బదులు పలుకుతున్నాను. కాస్త సిగ్గుగా ఉంది, బిగ్గరగా కాదు.

అపొ. కా. 16 పెద్దాయనకి చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మొదటి వచనం మళ్ళీ చదివారు. "తిమోతి సంగతి వేరమ్మా" అన్నారు. ఎలా వేరో చెప్పలేదు. ఫారం మాత్రం మళ్ళీ ఇమ్మన్నారు.

ఇచ్చాను. తేదీ గడిలో "తెలియదు" అని రాశాను. అప్పుడే ఒకటి గమనించాను. ఆ ఫారం మొత్తంలో యేసును నమ్ముకున్నావా అని అడిగే గడి ఒక్కటి కూడా లేదు. అందుకని ఎర్ర సిరా ప్రశ్నార్థకం పక్కన ఉన్న కొంచెం చోటులో చిన్న అక్షరాలతో "నమ్ముకున్నాను" అని ఇరికించాను. పెన్నుతోనే రాశానండీ.

సండే స్కూల్ సంగతి ఇంకా ఏమీ చెప్పలేదు.